కదిరమ్మ ట్యాబూ, ముక్కులేని చిలకా

ధర్మవరం పట్టుచీర కట్టుకుని పెళ్ళిపందిట్లో తిరిగే ఆవిడకి ఆ చీర ఎవరు నేశారో తెలియదు. నేసినవాడి కంటే ముందు ఇంకొకరు ఉంటారనీ, అంచులో చిలకనీ తీగనీ గళ్ళకాగితం మీద ఒక్కొక్క గడీ నింపి పెట్టేది వాళ్ళేననీ చెబితే నమ్మను కూడా నమ్మదు. అలాంటివాళ్ళలో కదిరమ్మ ఒకతి. యాభై నాలుగేళ్ళ మనిషి, ముప్పై ఏళ్ళుగా గ్రాఫులు గీస్తోంది. ఆమె గీసిన నెమళ్ళూ మామిడిపిందెలూ ఎన్ని ఊళ్ళ పెళ్ళిళ్ళకి పోయాయో ఆమెకే తెలియదు. ఆమె ఒంటి మీద మాత్రం ఎప్పుడూ నూలు చీరే. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "పట్టుచీర కట్టుకోని నేల మీద కూర్చుంటే మోకాళ్ళ కాడ నలగదా?" అని కసురుతుంది.

ఆమె విద్య చెప్పడానికి చిన్నదే. మగ్గం పైన ఉండి అంచు పోగుల్ని లేపే జకార్డు పెట్టెకి రెండు వందల నలభై కొక్కేలు. కాగితం మీద అడ్డంగా ఒక గడి అంటే ఒక కొక్కెం. ఒక వరస గళ్ళు అంటే ఒక అట్ట. గడి నిండి ఉన్నచోట అట్టకి చిల్లు కొడతారు, ఆ చిల్లును బట్టి మగ్గం మీద పోగు లేస్తుంది. ఇది తెలుసుకోవడానికి ఒక పూట చాలు. చిలకని గళ్ళలో కూర్చోబెట్టి అది చిలకలా కనపడేటట్టు చెయ్యడానికి మాత్రం కదిరమ్మకి ఆరేళ్ళు పట్టింది.

నేర్పింది వాళ్ళ నాయన. ఆయనకి ఒక పద్ధతి ఉండేది. ఏ డిజైను మొదలుపెట్టినా ముందు కాగితం మీద అడ్డంగా రెండు వందల నలభై గళ్ళు రెండుసార్లు లెక్కపెట్టి, అక్కడ నిలువునా బ్లేడుతో కోసేసేవాడు. ఆ తర్వాత లెక్క ఊసెత్తేవాడు కాదు. కాగితం అయిపోయిన చోట బొమ్మ కూడా అయిపోవాలి, అంతే. కదిరమ్మ కూడా అదే పద్ధతి పట్టుకుంది. ముప్పై ఏళ్ళలో ఆమె గ్రాఫులో ఒక్క గడి తప్పు పోయిందని అన్నవాళ్ళు లేరు. అట్టలు కొట్టే నల్లప్ప అయితే ఆమె కాగితాన్ని రెండోసారి చూడడు కూడా. పక్కన పెట్టుకుని కొట్టుకుంటూ పోతాడు.

అలాంటి కదిరమ్మకి పోయిన చలికాలంలో గళ్ళు అలుక్కుపోవడం మొదలైంది. రెండు గళ్ళు కలిసి ఒకటిగా కనపడేవి. మొదట కొత్త కాగితాల ప్రింటు బాగాలేదని తిట్టింది. తర్వాత ట్యూబులైటుని తిట్టింది. భర్త పుల్లన్న మగ్గం గుంతలోంచి తల బయటపెట్టి, "పాపం ఆ లైటును ఏమిటికే తిడతావు, అది నాకు బాగనే కనపడ్తాండాది కదా" అన్నాక గానీ తప్పు కళ్ళదని ఒప్పుకోలేదు.

పెనుకొండలో ఒక కంటి డాక్టరు దగ్గరికి పోయారు. ఆయన దీపాలేసి, అద్దాలు మార్చి మార్చి చూసి, కొత్త కళ్ళజోడు రాసిచ్చాడు. రాసిచ్చి ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. కదిరమ్మ సంచీలోంచి ఒక గ్రాఫు తీసి చూపించింది. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, "ఇది నాకే కనపడటం లేదమ్మా" అన్నాడు. చిన్న గళ్ళ పని ఇంక మానుకోమని, కనీసం గళ్ళు పెద్దవి చేసుకోమని చెప్పాడు. గళ్ళు పెద్దవి చేస్తే కాగితం చాప అంత అవుతుందని ఆమె చెప్పలేదు. ఇంటికొచ్చి భూతద్దం పట్టి చూసింది. ఒక చేతిలో అద్దం, ఒక చేతిలో పెన్ను, కాగితం జరగకుండా పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు.

ఆ దిగులులో ఉండగానే సావుకారు లక్ష్మీనరసయ్య కబురు పెట్టాడు. పట్టు అంగడి ఆయనది, పుల్లన్నకి పడుగూ జరీ ఇచ్చేదీ ఆయనే. శ్రావణమాసం పెళ్ళిళ్ళకి కొత్త చిలకంచు కావాలన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, కానీ మాట మెత్తగా చెప్పడం ఆయనకి రాదు. "కదిరమ్మా, నీ కండ్ల సంగతి విన్నాలే. ఈ అంచు నువ్వు తెచ్చిస్తే ఈ ఏడంతా డిజైన్లు నీవే. కాదంటే కంప్యూటరోళ్ళకి ఇస్తా. నీ మీద కోపమేం లేదు, నాకు టయానికి చీరలు కావాల" అన్నాడు.

ఆమె ఇంటికొచ్చి గడప మీద కూర్చుంది. తిండికి లేక కాదు, పుల్లన్న మగ్గం ఆడుతూనే ఉంది. గ్రాఫు లేకపోతే తెల్లారి లేచి తాను ఏం చెయ్యాలో కదిరమ్మకి తెలియదు. ఆమెకి చాలా భయమేసింది. ఆ భయం పుల్లన్నకి కూడా చెప్పుకోలేదు.

ట్యాబు సంగతి చెప్పింది నల్లప్పే. బెంగుళూరులో ఎవరో దాని మీదే డిజైన్లు గీస్తారంట, రెండు వేళ్ళు పెట్టి లాగితే గడి గోరంత అవుతుందంట. గోరంత గడి అన్న మాట కదిరమ్మ చెవిలో పడింది. మర్నాడు పొద్దున రైలెక్కి, పెనుకొండ దాటి, హిందూపురంలో దిగింది. అంత దూరం ఎందుకంటే, ధర్మవరంలో కొంటే సాయంత్రానికల్లా ఊరంతా తెలిసి ఎగతాళి చేస్తారని.

అంగట్లో రూప అనే అమ్మాయి ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయి, మాట చురుకు. మనవలకా ఆంటీ అని అడిగింది. నాకే అంది కదిరమ్మ. రూప మూడు రకాలు బల్ల మీద పెట్టింది. ఒకటి చవక, ఒకటి మధ్యరకం, ఒకటి చూడ్డానికే భయం పుట్టే ధర. చవకదాని మీద గీత గీస్తే చెయ్యి పోయిన తర్వాత ఎప్పుడో వచ్చింది గీత. ఖరీదైనదాన్ని కదిరమ్మ ముట్టుకోలేదు, ముట్టుకుంటే మనసు పాడవుతుందని ఆమెకి తెలుసు. మధ్యరకందాన్ని మాత్రం పట్టుని పరీక్షించినట్టే పరీక్షించింది. తూకం చూసింది. వాకిట్లోకి తీసుకుపోయి ఎండలో పెట్టింది. ఎండలో తన మొహం తప్ప ఏమీ కనపడలేదు. లోపలికి తెచ్చి గళ్ళు తెరిపించి, వేళ్ళతో లాగింది. గడి గోరంత అయింది. ఇంకా లాగితే అరచెయ్యంత అయింది. కదిరమ్మ కళ్ళజోడు తడిసింది, తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"దీంట్లో చెడ్డ చెప్పు పాపా" అంది. "మంచి నాకు కనపడింది."

అట్లా అడిగిన గిరాకీ రూపకి ఎప్పుడూ తగల్లేదు. కాసేపు ఆలోచించి లోగొంతుతో చెప్పింది. "పెన్ను వేరే కొనాల ఆంటీ. చార్జింగు నిదానం, నిండే లోపల వంట అయిపోతాది. కెమెరా ఊరికే ఉండాది అంతే. ఎక్కువ బొమ్మలు ఒకదాని మీద ఒకటి పెడితే మొరాయిస్తాది. అద్దం నున్నగా ఉండాది, పెన్ను జారతాది, పైన గరుకు కాగితం అతికిచ్చుకోండి. అంత కన్నా మంచిది కావాలంటే దుడ్లు రెండింతలు పెట్టాల." ఇంత చెప్పిందని తెలిస్తే యజమాని ఊరుకోడని అటూ ఇటూ చూసింది. కదిరమ్మకి ఆ పిల్ల నచ్చింది. దాచుకున్న డబ్బు తీసి, మధ్యరకం ట్యాబూ పెన్నూ కొని, రూప ఫోన్ నంబరు కాగితం మీద రాయించుకుని రైలెక్కింది.

ఇంట్లో మొదటి వారం రోజులు తిట్లే. చెయ్యి ఆనిస్తే చాలు, ఎక్కడో ఒక గీత పడేది. తన అరచెయ్యి తనకి శత్రువైంది. చివరికి పాత రవిక చెయ్యి కత్తిరించి, రెండు వేళ్ళు మాత్రం బయట ఉండేటట్టు ఒక తొడుగు కుట్టుకుంది. పుల్లన్న చూసి, "యాడికే, దొంగతనానికి పోతాండావా?" అన్నాడు. రంగుల సంగతి ఇంకో గొడవ. ట్యాబులో మెరిసే ఎరుపు ఏ పట్టుపోగులోనూ లేదు. అందుకని దాని పక్కన ఎప్పుడూ నాలుగు పట్టుపోగులు పెట్టుకునేది, కళ్ళు దాన్ని నమ్మకుండా. కరెంటు పోయినా వెలుగు పోకపోవడం మాత్రం ఆమెకి భలే నచ్చింది. తప్పు గడిని ఒక్క వేలితో వెనక్కి తీసెయ్యడం ఇంకా నచ్చింది. కాగితం మీద బ్లేడుతో గీకి గీకి చిల్లులు పెట్టిన రోజులు తలుచుకుని ఆ వెనక్కి తీసే గుర్తుని ఊరికే నాలుగుసార్లు నొక్కి చూసేది.

రెండో వారానికి చెయ్యి కుదిరింది. మూడో వారంలో చిలక దిగింది. అంచు కొస వైపు మొహం పెట్టి, తల కొంచెం వంచి, తీగ మీద కూర్చున్న చిలక. ముక్కు దగ్గరికొచ్చేసరికి వంపు ఇంకా కొంచెం గుండ్రంగా ఉంటే బాగుండునని అనిపించింది. చోటు ఉంది, తీసుకుంది. ముప్పై ఏళ్ళలో ఇంత సొగసైన ముక్కు ఆమె చేతిలోంచి రాలేదు. పుల్లన్నకి చూపిస్తే ఎగతాళి చెయ్యకుండా కాసేపు చూశాడు. అంత కన్నా మెప్పు ఆ ఇంట్లో లేదు.

ట్యాబు పట్టుకుపోయి నల్లప్ప దగ్గర పెట్టింది. ఇదొక చిక్కు. కాగితమైతే ఆయనకిచ్చి తాను ఇంకోటి మొదలుపెట్టుకునేది. ఇప్పుడు ఆయన అట్టలు కొట్టినన్ని రోజులూ తన చేతులు ఖాళీ. నాలుగు రోజులు ఇల్లంతా సర్దింది, సర్దినదాన్నే మళ్ళీ సర్దింది.

అట్టలూ ట్యాబూ వచ్చాయి. పుల్లన్న జకార్డుకి ఎక్కించి, మచ్చుకు జానెడు నేశాడు. నేస్తూ నేస్తూ ఆగిపోయాడు.

"ఏమే, ఇట్ల రా."

కదిరమ్మ వంగి చూసింది. తీగ బాగుంది. రెక్క బాగుంది. మెడ వంపు తాను అనుకున్నట్టే వచ్చింది. చిలకకి ముక్కు లేదు. కన్ను పక్కనే అంచు తెగిపోయింది. ఒకటి కాదు, జానెడు బట్టలో నాలుగు చిలకలు, నాలుగింటికీ ముక్కుల్లేవు.

ఆమె ట్యాబు తెచ్చుకుని, కింద కూర్చుని, అడ్డంగా గళ్ళు లెక్కపెట్టింది. రెండు వందల యాభై రెండు. మళ్ళీ లెక్కపెట్టింది. అంతే. కాగితాన్ని కోసినచోట చెయ్యి తనంతట తానే ఆగేది. ఇందులో అంచు లేదు. ఎంత జరిపితే అంత చోటు ఇస్తూ పోయింది అది, ఈమె తీసుకుంటూ పోయింది. నాయన నేర్పిన మొదటి పనే చెయ్యకుండా చిలకని మొదలుపెట్టింది.

ఫోన్ చేస్తే నల్లప్ప నింపాదిగా చెప్పాడు. "పన్నెండు గళ్ళు మిగిలినాయక్కా, చూసినా. నువ్వు తప్పు చేస్తావా? పక్క చిలకతో అతుకు చూసుకునేదానికి కొంచెం ఎక్కువ గీసింటావని వదిలేసినా."

ఫోన్ పెట్టేశాక పుల్లన్న అన్నాడు, "సావుకారికి నల్లప్ప తప్పు కొట్టినాడని చెప్పు. వానికి ఏమైతాది, నాలుగు తిట్లు తింటాడు. నీకైతే పనే పోతాది."

ఆ మాట కదిరమ్మకి రుచించలేదని కాదు, రుచించింది. అందుకే ఆమెకి తన మీద తనకి కోపం వచ్చింది. "నన్ను నమ్మినందుకు వాన్ని తిట్టిస్తానా?" అని మచ్చు కోయించింది. ఆ కోతతో పడుగు మళ్ళీ కట్టుకోవడానికి పుల్లన్నకి ఒక పూట పని. గుంతలోకి దిగి కట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రూపకి ఫోన్ చేసింది. "పాపా, దీంట్లో కాగితాన్ని కోసేకి అవుతుందా?" రూపకి మొదట అర్థం కాలేదు. రెండు వందల నలభై గళ్ళ దగ్గర ఆగిపోవాల, ఆ పక్క చోటే ఉండకూడదు అని చెప్పాక నవ్వింది. "అవుతాది ఆంటీ. మొదలుపెట్టే ముందే కొలత చెప్పాల. మీరు అడగలేదు, నేను చెప్పలేదు." ఎక్కడ నొక్కాలో చెప్పింది. కదిరమ్మ ఒక చీటీ మీద రాసుకుంది.

తొమ్మిదింటికి లక్ష్మీనరసయ్య అంగడి తెరిచేసరికి మెట్ల మీద కదిరమ్మ ఉంది. ఆయన దీపం పెట్టుకునే దాకా ఆగి, ముక్కులేని చిలకల ముక్కని గల్లాపెట్టె మీద పరిచింది.

"ఇది నా తప్పు సావుకారప్పా. పన్నెండు గళ్ళు ఎక్కువ గీసినా. నల్లప్పది గానీ మా ఇంటాయనది గానీ ఏం లేదు."

ఆయన ముక్కని దగ్గరగా పెట్టుకుని చూశాడు. "కాగితం మీద ఎప్పుడూ ఇట్ల కాలేదు కదా" అన్నాడు చివరికి. ఆ మాటలో ఆమె కళ్ళ సంగతీ కంప్యూటరోళ్ళ సంగతీ అన్నీ ఉన్నాయి. కదిరమ్మ సంచీలోంచి ట్యాబు బయటికి తీసింది.

"కాలేదు. కాగితం మీద అయ్యింటే మళ్ళా గీసేకి పదైదు దినాలు. ఈడనే కూర్చుంటా, మధ్యాన్నం లోపల సరి చేస్తా. చెయ్యలేకపోతే కంప్యూటరోళ్ళకి ఇచ్చేయండి."

ఆయన ఒప్పుకున్నాడో లేదో తెలియలేదు గానీ, కూర్చోమని పరుపు చూపించాడు. కదిరమ్మ రవిక తొడుగు వేసుకుని ట్యాబు తెరిచింది. పదమూడు శాతం చార్జింగు ఉంది. రాత్రి దిగులులో పెట్టడం మరిచిపోయింది. అంగట్లో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గు దేవుడి పటం చుట్టూ వెలిగే లైట్లది. లక్ష్మీనరసయ్య ఆమె మొహం చూసి, దేవుడికి దణ్ణం పెట్టి, ఆ లైట్లు తానే పీకేశాడు.

ఆమె ముందు రెండు వందల నలభై గళ్ళ దగ్గర కొలత పెట్టి కోసింది. పక్క చోటు మాయమైంది. తర్వాత చిలకని మొత్తంగా పట్టుకుని పన్నెండు గళ్ళు లోపలికి జరిపింది. చిలక చక్కగా వచ్చింది, కింద తీగ నలిగిపోయింది. ఆ తీగని ఇక ఏ యంత్రమూ సరిచెయ్యలేదు. ఏ ఆకుని తీసెయ్యాలి, ఏ మెలికని బిగించాలి అనేది చేతికే తెలియాలి. గడి గోరంత చేసుకుని, ఒక్కో ఆకునీ కదిపింది. మధ్యలో ట్యాబు వేడెక్కి మొరాయించింది. ఆమె దాన్ని నాలుగు తిట్టి, తువ్వాలుతో గాలి విసిరి, మళ్ళీ కూర్చుంది. చార్జింగు నత్తలా ఎక్కుతోంది గానీ దిగిపోవడం లేదు, ఆమెకి అది చాలు.

పదకొండు దాటాక లక్ష్మీనరసయ్య లేచి వచ్చి వెనక నిలబడ్డాడు. కాసేపయ్యాక పక్కన కూర్చున్నాడు. ఇంకాసేపయ్యాక, "ఆ కన్ను కాడ ఒక గడి వదిలేసినావు ఏమిటికి?" అని అడిగాడు.

"నిండా నింపితే చిలక చచ్చినట్ల కనపడ్తాది. ఆ ఒక్క గడితోనే చూపు వస్తాది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నలభై ఏండ్లుగా గ్రాఫులు చూసి సరే సరే అంటాండా. గళ్ళు నా కంటికి ఎప్పుడూ కనపడలేదు కదిరమ్మా. ఈ పొద్దే చూస్తాండా" అన్నాడు. ఇది ఆయన ఎవరికీ చెప్పని సంగతి. కదిరమ్మ నవ్వాలో వద్దో తెలియక తీగ వైపు చూసింది.

పన్నెండున్నరకి ముక్కు పెట్టింది. మొదటి ముక్కు అంత గుండ్రంగా లేదు, కొంచెం చిన్నది. రెండు వందల నలభయ్యో గడి దగ్గర ఆగింది. ఆయన చూసి తలూపి, "వచ్చే నెలకి హంసల అంచు ఒకటి కావాల, ఆలోచన చేసి పెట్టు" అన్నాడు. ముక్కులేని చిలకల ముక్కని చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని ఆ తర్వాత ట్యాబుకి సంచీగా కుట్టుకుంది, అది వేరే సంగతి.

ఇప్పుడు వీధిలో మిగతా గ్రాఫులవాళ్ళు ట్యాబు కొనాలా వద్దా అని కదిరమ్మనే అడుగుతున్నారు. ఆమె మంచికి ముందు చెడ్డ చెబుతుంది. చార్జింగు, ఎండ, రంగులు, పెన్ను ఖర్చు. అన్నీ చెప్పి, కళ్ళు పోతుంటే మాత్రం కొనుక్కోండి అంటుంది. ఎవరు కొన్నా ముందు పక్కన కూర్చుని కొలత పెట్టించి కోయిస్తుంది.

ఆ రోజు అంగడి నుంచి ఆమె నేరుగా ఇంటికి పోలేదు, నల్లప్ప దగ్గరికి పోయింది. సంగతంతా విని ఆయన తల దించుకున్నాడు. "నేనే అడగాల్సింది అక్కా. ముప్పై ఏండ్లలో నువ్వు తప్పు చేసింది చూడలేదు. తప్పని ఎట్ల అనుకునేది?"

కదిరమ్మ ట్యాబు ఆయన ముందు పెట్టి, గడి పెద్దది చేసి చూపించింది.

"నా కండ్లకి ఇంగ ఇది తోడు, దీనికి నువ్వు తోడు" అంది. "ఒక్క గడి మిగిలినా నాకు ఫోన్ చెయ్యి. ఇంగ మీద తప్పు చేస్తానని అనుకో నాయనా. అనుకుంటేనే నేను ఇంకో పదేండ్లు గీస్తా."

నల్లప్ప సరేనని, చిలక గళ్ళు మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కదిరమ్మ పక్కన కూర్చుని, ఆయనతో పాటు తానూ లెక్కపెట్టింది. రెండు వందల నలభై వచ్చాయి.